గాలిబుడ్డి

మూడో తరగతి టీచరమ్మకు అక్షరదోషం కనబడితే చేయి ఆగదు. పెళ్లి శుభలేఖ అందుకున్నా ముందు తప్పులు వెతికి, ఆ తర్వాతే పెళ్లి ఎవరిదో చూస్తుందని స్టాఫ్ రూములో ఆమె మీద ఒక ఛలోక్తి ఉంది. ఒకసారి మందుల షాపు బోర్డు మీద ఒత్తు తప్పు పడితే లోపలికి వెళ్లి చెప్పి మరీ వచ్చింది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఎన్ని ఎర్ర పెన్నులు ఖాళీ చేసిందో ఆమెకే తెలియదు. అలాగని పంతులమ్మ పొగరున్న మనిషి కాదు. పిల్లలంటే ప్రాణం పెడుతుంది. పాఠం బుర్రకెక్కని పిల్ల ఒక్కతి ఉన్నా ఆ పూట ఆమెకు తిండి సయించదు.

ఆ ఏడాది మూడో తరగతి సాంఘికశాస్త్రంలో కొత్తగా ఒక పాఠం చేర్చారు. పేరు ‘మన అవసరాలు, మన కోరికలు’. ఎనిమిదేళ్ల పిల్లలకు డబ్బంటే ఏమిటో, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో, ఎలా దాచుకోవాలో చెప్పాలట. పాఠం రాసిన మహానుభావుడికి ఎనిమిదేళ్ల పిల్లలు ఎప్పుడూ ఎదురుపడినట్టు లేదు. ‘పరిమిత వనరులు’ అనే మాట నాలుగుసార్లు వాడాడు. టీచరమ్మ పుస్తకాన్ని పక్కన పడేసి రెండు చెప్పుల డబ్బాలు తెచ్చింది. కోరికలంటే పిల్లలు పుట్టినరోజు కోరికలనుకుంటున్నారని మాట మార్చి, ఒక డబ్బా మీద ‘అవసరం’ అని, రెండోదాని మీద ‘అనవసరం’ అని పెద్ద అక్షరాలతో రాసింది. సరుకుల షాపువాళ్లు పంచే కాగితాల్లోంచి సబ్బులు, బూట్లు, బొమ్మలు, గొడుగులు కత్తిరించి, ఏ బొమ్మ ఏ డబ్బాలో వేయాలో మీరే చెప్పండర్రా అంది.

క్లాసు సంతలా తయారైంది. సబ్బు అనవసరమని నలుగురు గట్టిగా వాదించారు. ఒకడు లేచి తన తమ్ముణ్ణి అనవసరం డబ్బాలో వేయవచ్చా అని అడిగాడు. గొడుగు దగ్గర పేచీ ముదిరి కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు టీచరమ్మకు ఒక ఉపాయం తట్టింది. బల్ల మీద స్కేలుతో రెండుసార్లు కొట్టి, అందరూ వినేట్టు చెప్పింది.

“తెలియకపోతే పరీక్ష పెట్టండి. ఒక్క రోజు అది లేకుండా ఉండి చూడండి. ఉండగలిగితే అనవసరం. ఉండలేకపోతే అవసరం. అంతే.”

ఇంత తేలికా అన్నట్టు పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రోజు టీచరమ్మ తన భుజం తానే తట్టుకుంది. ఆ వాక్యాన్ని చార్టు మీద రాసి గోడకు అంటించింది కూడా.

సంగతి హెడ్మాస్టరుగారి చెవిన పడింది. ఆయన దాన్ని అక్కడితో వదలలేదు. పిల్లలందరికీ తలా ఒక సన్నటి నోటుపుస్తకం ఇప్పించి, దానికి ‘పొదుపు పుస్తకం’ అని పేరు పెట్టాడు. వారానికొకసారి పిల్లలు తాము మానేసిన అనవసరపు వస్తువు పేరు, ఎలా మానేశారో నాలుగు ముక్కల్లో రాయాలి. మానేసినవాళ్లకు బంగారు కాగితం నక్షత్రం. పైఅధికారులు తనిఖీకి వచ్చేనాటికి గోడ మీది చార్టు నిండా నక్షత్రాలు మెరవాలని ఆయన ఆశ.

నలభై పుస్తకాలు దిద్దడమంటే మాటలు కాదు. టీచరమ్మ వాటిని శుక్రవారం టీ విరామంలో ముందేసుకుని కూర్చునేది. మొదటి వారమే ఒక పుస్తకం దగ్గర ఆమె పెన్ను ఆగింది. అది రెండో బెంచీలో చివర కూర్చునే పిల్లది. పీలగా ఉంటుంది, కళ్లు మాత్రం ఇంతేసి. ఆ ఏడాదే బళ్లో చేరింది. గేటు దగ్గర వాళ్ల నాన్న “పిల్లికూనా” అని పిలవడం విన్నప్పటి నుంచి క్లాసంతా ఆ పేరుతోనే పిలుస్తోంది. టీచరమ్మకు కూడా అదే అలవాటైంది. ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది:

‘గాలిబుడ్డి. అది ఎంత అవుతుంది అని నాన్నను అడిగాను. నీకు అనవసరం అన్నాడు. ఒక రోజు మానేసి చూశాను. ఏమీ కాలేదు. రోజుకు నాలుగు మిగులుతున్నాయి.’

టీచరమ్మ లోలోపల నవ్వుకుంది. ‘గాలిబుడ్డి’ మీద ఎర్ర గీత గీసి, పైన ‘గాలిబుడగ’ అని దిద్దింది. రోజుకు నాలుగు బుడగలు ఊదుతుందంటే ఈ పిల్లకు ఊపిరి గట్టిదేనని పక్కన కూర్చున్న లెక్కల టీచరుతో హాస్యమాడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. తండ్రిని అడిగిందట, ఆయన అనవసరమన్నాడట, పిల్ల మారు మాట్లాడకుండా మానేసిందట. ఇంతకన్నా ఏం కావాలి? ‘శభాష్’ అని రాసి నక్షత్రం అంటించింది.

రెండో వారం ఆ పిల్ల బుద్ధిగా, టీచరు దిద్దినట్టే, ‘గాలిబుడగ’ అని రాసింది. ఈ వారం కూడా మానేశాను, ఇరవై ఎనిమిది మిగిలాయి అని లెక్క చెప్పింది. మూడో వారం కూడా అదే మాట, కాకపోతే అక్షరాలు గీత దిగి పక్కకు ఒరిగిపోయాయి. టీచరమ్మ ‘చేతిరాత జాగ్రత్త’ అని రాసి మూడో నక్షత్రం అంటించింది. ఆ వారంలో పిల్ల దగ్గుతోందని గమనించకపోలేదు. చలిగాలి మొదలైంది, క్లాసులో సగంమంది దగ్గుతున్నారు. మంచినీళ్లు తాగమని చెప్పింది, అంతే.

సోమవారం పిల్లికూన బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. గురువారం పొద్దున టీచరమ్మ హాజరు పుస్తకం ఇవ్వడానికి ఆఫీసు గదిలోకి వెళ్లేసరికి హెడ్మాస్టరుగారి ఎదురుగా ఆ పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు. పార్సిళ్లు చేరవేసే వ్యాను నడుపుతాడాయన. కంపెనీ చొక్కా మీదే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా సెలవు చీటీ బల్ల మీద పెట్టి, అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు రాత్రులు కన్నార్పని మనిషని మొహమే చెబుతోంది.

పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఛాతీలో పిల్లికూతలు వినబడతాయి కాబట్టే ముద్దుగా పిల్లికూన అని పేరు పెట్టుకున్నారు. రోజూ పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు ఇన్‌హేలరుతో మందు పీల్చాలి. అది పీల్చినంత కాలం పిల్ల లేడిపిల్లలా గెంతుతుంది. బడిలో తెలిస్తే ఆటల్లోంచి తీసేస్తారని పిల్ల తల్లి ఆ విషయం అడ్మిషన్ ఫారంలో రాయలేదు. ఆయన వ్యానెక్కి తెల్లారకముందే వెళ్తాడు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది, ఏడింటికే బయలుదేరాలి. అందుకని రెండు పూటలా మందు పట్టించే పని పిల్ల నానమ్మది. ఆదివారం పిల్లకు ఊపిరి అందక పెదాలు నీలంగా మారిపోతే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టరు ఆ ఇన్‌హేలరు తెప్పించి చూశాడు. దాని వెనక ఒక చిన్న కిటికీలో అంకె ఉంటుంది, పీల్చినకొద్దీ తగ్గుతూ వస్తుంది.

“ఈపాటికి అది సున్నాకి రావాలి టీచరుగారూ. ఎనభై నాలుగు దగ్గర ఆగిపోయింది. మూడు వారాలుగా మా అమ్మ ఆ గాలిబుడ్డి పిల్ల నోటికి పెట్టనే లేదు.”

ఎనభై నాలుగును నాలుగుతో భాగించడానికి లెక్కల టీచరు అక్కర్లేదు. టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

తండ్రి ఇంకా చెబుతూనే ఉన్నాడు. అడిగితే ఆయన తల్లి పట్టించానంటుంది. చూపు ఆనదు కాబట్టి శబ్దం బట్టి పోల్చుకుంటుందట. పూటకు రెండుసార్లు ‘పుస్’ మనడం నా చెవులతో విన్నానురా అని ప్రమాణం చేస్తుంది. అంకె ముందు ప్రమాణం ఏం నిలుస్తుంది? మతి తప్పిందైనా అయి ఉండాలి, అబద్ధమైనా అయి ఉండాలి. శనివారం నాలుగింటికి ఆయన అన్నయ్య కారు తెచ్చి ఆవిడను తన ఇంటికి తీసుకుపోతాడు. పిల్లను చూసుకోవడానికి భార్య ఫ్యాక్టరీ పని మానేస్తుంది.

“కొన్నాళ్లు ఆవిడ లేకుండా ఉండి చూస్తాం,” అన్నాడు.

టీచరమ్మ నోరు తెరిచింది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, మీ అమ్మా అబద్ధం చెప్పలేదు, పుస్తకం నా బీరువాలో ఉంది, దిద్దింది నేనే. ఇన్ని మాటలు లోపల వరుసగా నిలబడి ఉన్నాయి. బయటికి వచ్చింది మాత్రం, పిల్ల జాగ్రత్త అన్న ఒక్క ముక్క. అది కూడా సరిగ్గా వినబడలేదు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ క్షణంలో చెప్పనందుకు ఆమె తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో లెక్కలేదు.

ఆయన గేటు దాటాక బీరువాలోంచి పుస్తకం తీసి హెడ్మాస్టరుగారి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. మళ్లీ చదివాడు. చెడ్డవాడు కాదు ఆయన, భయస్తుడు. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఫారంలో ఆరోగ్యం గడి ఖాళీగా వదిలింది వాళ్లేనని, బడికి తెలియనిదానికి బడి ఎలా బాధ్యత వహిస్తుందని, పై వారమే తనిఖీ ఉందని, పేపరువాళ్లకు తెలిస్తే గోరంతను కొండంత చేస్తారని, నీళ్లు నములుతూ నచ్చజెప్పాడు. చివరికి పుస్తకం మూసి ఆమె వైపు నెట్టాడు.

“పిల్ల కోలుకుంటోంది కదా టీచరుగారూ. మీరు నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు.”

“ఆ ముసలావిడకు అవుతుంది సార్,” అంది టీచరమ్మ.

ఆమె పుస్తకం తీసుకుని బయటికి వచ్చింది.

చెప్పాలని తెలుసు. తెలిసినంత తేలిక కాదు చెప్పడం. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటుంది, ఉండదని అబద్ధమాడటం దేనికి? అంతకన్నా, పద్దెనిమిదేళ్లుగా ఇతరుల తప్పుల కింద ఎర్ర గీత గీసిన చేయి ఇది. తన తప్పు కింద గీయమంటే లేవడం లేదు. మధ్యాహ్నం పిల్లలు ఆటలకు పోయాక ఖాళీ క్లాసులో కూర్చుని మిగతా ముప్పైతొమ్మిది పుస్తకాలు మళ్లీ తెరిచింది. ఈసారి పెన్ను చేతిలోకి తీసుకోలేదు. అక్షరాలు చూడకుండా, పిల్లలేం చెబుతున్నారో చదివింది.

చాలావరకు చాక్లెట్లు, స్టిక్కర్లు, జుట్టు క్లిప్పులే. తమ్ముణ్ణి అనవసరం డబ్బాలో వేయబోయినవాడు తమ్ముడితో పోట్లాట మానేశానని రాశాడు. దానికీ నక్షత్రం ఉంది. కానీ ఒక పిల్లాడు ‘పొద్దుటి పలహారం. నాలుగు రోజులు. అమ్మ గమనించలేదు’ అని రాశాడు. ఆమె ‘పలహారం’లో ‘ప’ను ‘ఫ’గా దిద్ది నక్షత్రం ఇచ్చింది. ఒక అమ్మాయి ‘పడుకునేటప్పుడు లైటు. భయం వేసింది కానీ ఉన్నాను’ అని రాసింది. మెచ్చుకుంటూ కింద ‘ధైర్యవంతురాలు’ అని రాసింది తనే. ఇంకొకడు కళ్లజోడు పెట్టుకోవడం మానేస్తే అరగదని, కొత్తది కొనక్కర్లేదని లెక్కగట్టాడు. ఆ మాటను బట్టి వాడు బోర్డు మీదివి చూడలేక పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తున్నాడని ఇప్పుడు అర్థమైంది. కాపీ కొడుతున్నావని మొన్ననే వాణ్ణి నిలబెట్టింది.

టీచరమ్మ లేచి గోడ మీది చార్టు చింపేసింది. చింపడం ఎంతసేపు? నలభైమంది బుర్రల్లో రాసిందాన్ని ఎలా చింపాలో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం వెళ్దామనుకుని వెళ్లలేకపోయింది. తలనొప్పి అని తనకు తానే చెప్పుకుంది. శనివారం ఒంటిపూట బడి. మూడింటికి పుస్తకాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

పిల్లల వార్డు రెండో అంతస్తులో ఉంది. వార్డు బయట పొడుగాటి ఇనుప బెంచీ చివర ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి, కాళ్ల దగ్గర తాడుతో కట్టిన చిన్న పెట్టె. ఒక కంట్లో తెల్లగా పువ్వు. అడగకుండానే ఎవరో తెలిసిపోయింది. టీచరమ్మ పక్కన కూర్చుని, తాను పిల్ల టీచరునని చెప్పింది. ముసలావిడ మొహం విప్పారింది. ఇంట్లో పిల్ల పొద్దస్తమానం మా టీచరు ఇలా అన్నారు, మా టీచరు అలా అన్నారు అంటూ ఉంటుందట. ముందు టీచరు మాట, తర్వాతే దేవుడి మాటట. 

నానమ్మ గొంతు తగ్గించింది. కొడుకు మీద కోపం లేదట. వాడి బాధలో న్యాయముందట. ఆమె బాధ వేరే.

“రెండు పూటలా నేనే పక్కన కూర్చునేదాన్నమ్మా. పుస్, పుస్ అని వినబడేది. ఇప్పుడు అందరూ లేదంటున్నారు. అంకె లేదంటోందట. అయితే నేను విన్నదేమిటి? లేనివి వినబడుతున్నాయంటే నా మతి పోయినట్టే కదా. అన్నీ మరిచిపోతానేమో. పిల్లికూనను కూడా మరిచిపోతానేమోనని నా భయం.”

టీచరమ్మ ఆవిడ చేయి పట్టుకుంది. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈవిడకొక్కదానికే చెప్పి లాభమేముంది? ఆవిడ కొడుకు నమ్మాలి. గోడ మీది గడియారం మూడున్నర దాటింది. లేచి లోపలికి నడిచింది.

కిటికీ పక్క మంచం మీద పిల్లికూన దిండ్లకు చేరగిలబడి కూర్చుని ఉంది. మొహానికి పొగలాంటి గాలి వదిలే మాస్కు. చేతికి పట్టీ. ఒక పక్క తల్లి, ఒక పక్క తండ్రి. టీచరును చూడగానే పిల్ల కళ్లు వెలిగిపోయాయి. లేవబోతే తల్లి ఆపింది. మాట్లాడబోతే తండ్రి ఆపాడు. ఆయాసం వస్తుంది, మాట్లాడకు అన్నాడు. వారం నుంచీ ఇదే వరస అట. పెద్దవాళ్లు నానమ్మ గురించి మాట్లాడుకుంటున్నప్పుడల్లా ఇది ఏదో చెప్పబోతుందట, నీకనవసరం పడుకో అని ఊరుకోబెడుతున్నారట. తల్లి ఆ మాట మామూలుగానే చెప్పింది.

తండ్రి కిటికీలోంచి కిందికి, కారు కోసం చూశాడు. ఆ సందు చూసుకుని పిల్ల గబుక్కున మాస్కు కిందికి లాగింది.

“టీచర్, నాన్న నానమ్మ లేకుండా ఉండి చూద్దామన్నాడు. ఉండగలిగితే నానమ్మ అనవసరమా?”

తల్లి చేయి మాస్కు మీదే ఆగిపోయింది. తండ్రి వెనక్కి తిరిగాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు టీచరు వైపు చూశాడు.

టీచరమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి పుస్తకం తీసింది. మొదటి నుంచి మొత్తం చెప్పింది. చెప్పుల డబ్బాలు, గొడుగు పేచీ, తాను కనిపెట్టిన పరీక్ష, నక్షత్రాలు. పిల్ల సరిగ్గానే రాసిందని, తాను బుడగ అనుకున్నానని, తప్పని దిద్దానని, మూడుసార్లు నక్షత్రం అంటించానని. గురువారమే తెలిసి రెండు రోజులు దాచానని కూడా చెప్పింది. మీ అమ్మగారి తప్పు ఇందులో ఏమీ లేదంది. ఏ మాటనూ తేలిక చేయలేదు.

తల్లి పిల్ల వైపు తిరిగి, మరి నానమ్మకు శబ్దం ఎలా వినబడిందే అని అడిగింది. పిల్ల తలొంచుకుంది. పెదాలు ముందుకు చాచి “పుస్” అంది. కాస్త ఆగి ఇంకోసారి అంది. అచ్చం అలాగే ఉంది.

తండ్రి పుస్తకం తీసుకున్నాడు. కళ్లు నిప్పులు కురుస్తున్నాయి. టీచరమ్మ తల దించుకోలేదు. ఏమన్నా పడాలనే వచ్చింది. ఆయన మొదటి పేజీ పైకే చదివాడు. గాలిబుడ్డి అని, దాని మీది ఎర్ర గీతను వేలితో రుద్దుతూ చదివాడు.

“అది ఎంత అవుతుంది అని నాన్నను అడిగాను. నీకు...”

అక్కడ ఆగాడు. ఆ రోజు గుర్తొచ్చింది. వ్యాను టైరు పేలి, కంపెనీవాళ్లు జీతంలో కోత వేసిన రోజు. పిల్ల చొక్కా పట్టుకుని అడిగింది. డబ్బు గోల నీకెందుకు తల్లీ అనే అర్థంలోనే అన్నాడు. ఆ మాట రోజుకు పదిసార్లు అనేదే. అది విన్న పిల్లకు మందు నీకు అక్కర్లేదని వినబడుతుందని ఏ తండ్రి అనుకుంటాడు?

పుస్తకం మంచం మీద పెట్టి ఆయన బయటికి వెళ్లాడు. వార్డు తలుపు సగం తెరిచే ఉంది. ఆయన బెంచీ దగ్గరికి వెళ్లడం, ముసలావిడ ఒళ్లోంచి సంచి తీసుకోవడం టీచరమ్మకు కనబడుతూనే ఉంది.

“కారు వచ్చిందా?” అని ముసలావిడ లేవబోయింది.

“రాలేదమ్మా. రావద్దని చెప్తాను. నువ్వు విన్నది నిజమే. ఆ చప్పుడు పిల్ల నోటితో చేసేదట.”

ఆవిడ రెండు చెవులూ అరచేతులతో తడుముకుంది.

“అయితే నా మతి పోలేదురా,” అంది. అని, వారం నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చేసింది. కొడుకు ఆవిడ పాదాల దగ్గర, పెట్టె పక్కన, నేల మీద కూలబడ్డాడు.

కాసేపటికి తల్లి కూడా అత్తగారి దగ్గరికి వెళ్లింది. మంచం దగ్గర టీచరూ పిల్లా మిగిలారు. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసింది. తాను రాసిన ‘గాలిబుడగ’ను కొట్టేసి, పక్కన ‘గాలిబుడ్డి’ అని రాసింది. దాని ఎదురుగా ‘అవసరం’ అని రాసింది. రెండో పేజీలోనూ అలాగే దిద్ది మూడో పేజీ తిప్పింది. పక్కకు ఒరిగిపోయిన ఆ అక్షరాల కింద మూడో నక్షత్రం మెరుస్తోంది. దాన్ని గోటితో గీకబోయింది.

పిల్ల చిన్న చేయి వచ్చి నక్షత్రం మీద పడింది. మాస్కు మళ్లీ కిందికి జారింది.

“అది తీయొద్దు టీచర్. అది చాలా కష్టపడి తెచ్చుకున్నా. ఆ వారం ఉండలేకపోయాను. మెట్లెక్కుతుంటే ఊపిరి వచ్చేది కాదు.”

టీచరమ్మ వంగి మాస్కు సరిచేస్తూ, సాధ్యమైనంత మెల్లగా అడిగింది. “ఉండలేకపోతే అవసరమని చెప్పాను కదమ్మా. మరి అలా ఎందుకు రాయలేదు?”

పిల్ల మాస్కులోంచే, ఇంత తెలియదా అన్నట్టు ఆమెను చూసింది.

“అవసరమని రాస్తే మీరు నక్షత్రం ఇవ్వరుగా.”

టీచరమ్మ ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. పిల్ల చేతిని నక్షత్రం మీద అలాగే ఉంచి, ఆ చేతి మీద తన చేయి వేసి కూర్చుంది.